శుభం పడినాక ఆడిన రీలు

సినిమాల మీద నేను రాసింది చదివి ఎవురైనా ఫోను చేసి "బాగా రాసినారమ్మా" అంటే నాకు ఒళ్ళు మండతాది. బాగా రాసినానంటే ఏంది? ఒప్పుకున్నట్టా, అసలు చదవనే లేదనా? తప్పు రాసినావు, ఆ మొగుడిది నువ్వు చెప్పినంత పాపం కాదు, ఆ పెళ్ళాం నువ్వు చెప్పినంత అమాయకురాలు కాదు అని ఒక్కరన్నా కయ్యానికి రావచ్చు గదా! రారు. అందరూ మర్యాదస్తులైపోయినారు. మా ఇంట్లో సినిమా గురించి ఒక మాట అంటే దానికి ఎదురు మాట పడి తీరాల్సిందే. నేను పెరిగింది అట్టాంటి ఇంట్లో. ఆ ఎదురు మాట కోసం ఈ వయసులో కూడా నా చెవులు కాచుకొని ఉంటాయి.

మా ఊరు ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, బస్సు దిగి నాలుగడుగులేస్తే వస్తాది. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్ళం. మా అవ్వ, మా అత్త, నేను. అవ్వ అంటే మా నాయన్ని కన్నతల్లి, అత్త మా నాయన చెల్లెలు. అమ్మా నాయనా ఉదయగిరిలో ఉండేవాళ్ళు. నాయన ఆడ బట్టలంగడిలో గుమాస్తా. అవ్వ పొలం వదిలి కదలనంటే, ఆమెకు తోడుగా నన్ను ఈడ వదిలిపెట్టినారు. పదహారేళ్ళదాన్ని, నాలుగు ముక్కలు చదవడం వచ్చినదాన్ని. ఆ ముక్కల పుణ్యాన సినిమా పాటల పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగం నాదే.

మా అత్తకు పెళ్ళయింది. అయిన ఏడాదికే మామ హోటల్లో పని దొరికిందని మదరాసు పోయినాడు. మొదట్లో కార్డులు రాసినాడు, తర్వాత అవీ మానుకున్నాడు. ఆడ ఇంకొక ఆమెతో ఉండాడని మదరాసు పోయొచ్చిన వాళ్ళు చెప్పినారు. దుత్తలూరు పక్క అత్తగారింట్లో కొన్నాళ్ళు చూసి, ఆ మాట నిజమని తేలినాక, మా అత్త పెట్టె నెత్తిన పెట్టుకొని పుట్టింటికి వచ్చేసింది. రాష్ట్రం విడిపోయి మదరాసు మనది కాకుండా పోయినప్పుడు ఊరంతా బాధపడితే మా అవ్వ మాత్రం "నా అల్లుడు పోయిననాడే మదరాసు పోయింది నాకు" అనింది.

వాడు తిరిగొస్తాడా? వస్తే అత్త పోతాదా? ఈ రెండు ప్రశ్నలు మా ఇంట్లో పొయ్యి మీద ఎసరు మాదిరి ఎప్పుడూ ఉడుకుతానే ఉండేవి. నోరు తెరిచి అడిగిన వాళ్ళు లేరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడతాది గదా. అందుకని ఆ తల్లీబిడ్డలు అడగాల్సిందంతా సినిమాల మీద పెట్టి అడుక్కునేవాళ్ళు. అది నాకు అప్పుడు తెలియదు. సినిమా అంటే వాళ్ళకు పిచ్చి అనుకున్నాను.

ఎండాకాలం వచ్చిందంటే ఆత్మకూరు ఊరి బయట డేరా సినిమా వేసేవాళ్ళు. బండి కట్టుకొని పొద్దు గుంకే వేళకు పోయి మొదటి ఆట చూసి వచ్చేవాళ్ళం. నేల టిక్కెట్టు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, నడిమధ్య తడిక. ఇసక మీద గోనెపట్టా పరుచుకొని, ఒళ్ళో బొరుగులు పోసుకొని కూర్చుంటే ఆ సుఖం మళ్ళీ నాకు ఏ కుర్చీలోనూ దొరకలా. ఆ డేరాలో మిషను ఒకటే ఉండేది. రెండు మూడు రీళ్ళు ఆడినాక ఆట ఆపి, లైట్లు వేసి, కొత్త రీలు ఎక్కించాల. మగవాళ్ళు బీడీలకు బయటకి పోయేవాళ్ళు. ఆడవాళ్ళ పక్క మాత్రం అప్పుడే అసలు ఆట మొదలు.

మా ఊళ్ళో రచ్చ మీద పంచాయతీ జరిగితే ఆడది నోరెత్తకూడదు. తన కాపరం గురించే మాట్లాడుతున్నా గోడ చాటున నిలబడి వినాల్సిందే. ఆ మింగిన మాటలన్నీ డేరాలో లైట్లు వెలిగినప్పుడు బయటికొచ్చేవి. ఆ జమీందారు కొడుకు చేసింది న్యాయమా? సవతితల్లిని ఎందుకు అన్నాళ్ళు భరించినారు? చెల్లెలి మీద నింద వేస్తే అన్న అనేవాడు విచారించొద్దా? ఒక్కొక్కరిని నిలబెట్టి తీర్పు చెప్పేవాళ్ళు. మళ్ళీ చీకటి పడేదాకా పెద్ద గోల. మిషను ఆడించే అబ్బి "అమ్మా, ఇంక మొదలుపెట్టేదా?" అని అడిగి మరీ మొదలుపెట్టేవాడు.

ఆ కోర్టుకు జడ్జీలు ఇద్దరు. మా అవ్వ, మా అత్త. సినిమా గురించి వాళ్ళు ఎదురెదురుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నడుమ నేను కూర్చోవాల. నన్ను 'మే' అని పిలిచి మాటలన్నీ నా మీదుగా పంపేవాళ్ళు.

"మే, మీ అవ్వకు చెప్పు. ఆ తెర మీదోడికి ఆటకత్తె ఇంట్లో కూడు దొరికినన్నాళ్ళు పెళ్ళాం గుర్తు రాలేదు. చొక్కా మాసినాకే వచ్చింది. చూసిందా లేదా మీ అవ్వ?" అనేది అత్త.

"మే, మీ అత్తకు చెప్పు. ఆ బిడ్డ రోజూ గడప మీద దీపం పెడతానే ఉండాది. ఎవురి కోసరం పెడతాది? మొగుడు రావాలనే గదా. ఆమెకు లేని కోపం మీ అత్తకెందుకంట?" అనేది అవ్వ.

"దీపం పెడితే? ఇల్లు చీకటిగా ఉంటే పెట్టుకోదా?"

"కాపరమంటే శనక్కాయ కాదని చెప్పు మే. పుచ్చుదని విసిరేసేదానికి."

"పుచ్చుదని తెలిసినాక నోట్లో వేసుకునే వాళ్ళెవురో చెప్పమను."

చుట్టూ ఉండే వాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. మా అత్తకు నవ్వు రాదు. ఇంటికి తిరిగొచ్చిన ప్రతి సినిమా మొగుణ్ణీ ఆమె ఉరికంబం ఎక్కించేది. మా అవ్వ ప్రతి ఒక్కణ్ణీ దించి, మొహం కడిగి, అన్నం పెట్టేది. తెర మీద వాడు గుడ్డివాడై వచ్చినా, కుంటివాడై వచ్చినా, పెళ్ళాం కాళ్ళ మీద పడినా మా అవ్వ కళ్ళు ఒత్తుకుంటా "వచ్చినాడు నాయనా, వచ్చినాడు" అనేది. అత్త బొరుగులు నమిలే చప్పుడు అప్పుడు ఎక్కువయ్యేది.

సినిమాను ఎట్టా చూడాలనేది నాకు నేర్పింది వాళ్ళిద్దరే. ఒకరు చొక్కా మాపు చూసినారు, ఒకరు గడప మీద దీపం చూసినారు. తిండికి లేని ఇల్లాలు పాటలోకి వచ్చేసరికి పట్టుచీర కట్టుకుంటే "అది పెట్టెలో పెట్టుకొనే పస్తులుండిందా?" అని అడిగింది మా అత్తే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడవకుండా చెంబు తోముతా ఉంటే "అదీ ఏడుపు" అని చెప్పింది మా అవ్వ. తర్వాత నేను లావు లావు పుస్తకాలు చాలా చదివినాను. అంతకంటే పెద్ద సంగతి ఒకటీ కనబడలేదు.

ఒక ఎండాకాలం ఒక సినిమా వచ్చింది. దాని పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఎవురికీ గుర్తుండదు. పాటల పుస్తకంలో సగం కథే వేసి మిగతాది తెర మీద చూడమని రాసినారు. అందుకని పోయే ముందరే మా ఇంట్లో తగువు. మొగుడు వేరే ఆమె వెంట పట్నం పోయినాడు, పెళ్ళాం పుట్టింట్లో ఉండాది. అంతవరకే పుస్తకంలో ఉండాది. చదువుతా చదువుతా నేను ఆపేసినాను. అవ్వ చేటలో బియ్యం వదిలేసి వింటా ఉండాది. అత్త నా వైపు చూడకుండా "చదవ్వే, ఆపినావేంది?" అనింది.

ఆ పొద్దు డేరాలో మా ఊరి ఆడవాళ్ళందరూ ఉండారు. మాకు ఎదురింటామె, పక్కింటి కోడళ్ళు, అందరూ. ఎవురూ బయటికి చెప్పకపోయినా తెర మీద జరిగేది మా ఇంటి కథని అందరికీ తెలుసు. లైట్లు వెలిగినప్పుడల్లా మా అత్త పక్కే చూసినారు. ఆడవాళ్ళు ఎక్కువమంది ఆమె పక్షమే. "అట్టాంటోణ్ణి గడప తొక్కనివ్వకూడదు" అనే వాళ్ళే అందరూ. అవ్వ ఒక్కతే అవతలి పక్షం.

చివరికి మొగుడు వచ్చినాడు. జబ్బు మనిషిగా, గడ్డంతో వచ్చి గుమ్మంలో కూలబడినాడు. పెళ్ళాం లేవదీసి తల ఒళ్ళో పెట్టుకునింది. పాట కూడా పాడింది. తెర నిండా "శుభం" పడింది. మా అవ్వ ముక్కు చీదుకొని "చూసినావా మే" అని నన్నొక పొడుపు పొడిచింది. అందరూ లేచి చీరలకంటిన ఇసక దులుపుకుంటా ఉండారు. అంతలో మళ్ళీ చీకటయింది.

"ఏంది, ఇంకా ఉండాదా?" అని ఎక్కడి వాళ్ళక్కడ కూలబడినాము.

ఇంకా ఉండాది. అదే ఇల్లు, అదే గుమ్మం. మొగుడు ఈ తూరి గడ్డం లేకుండా, తాగి తూలతా వచ్చినాడు. నగలియ్యమని పెళ్ళాన్ని నెట్టినాడు. ఆ బిడ్డ కాసేపు వాడి వైపు చూసింది. వాణ్ణి బయటికి తోసి ధడేలుమని తలుపు వేసి గడియ పెట్టింది. వాడు తలుపు బాదతానే ఉండాడు. రీలు అయిపోయింది, లైట్లు వెలిగినాయి. తడిక అవతల మగవాళ్ళు "ఇదేందిరా, శుభం తర్వాత!" అని ఈలలు వేసినారు.

అప్పుడు మా అత్త అనింది, "ఇన్ని సినిమాలు చూస్తిమి. నిజం చెప్పింది ఇదొక్కటే."

మర్నాడే మా బండి తోలే ఆయన అసలు సంగతి కనుక్కొని వచ్చినాడు. మిషను ఆడించే అబ్బి నడిమధ్య రీలొకటి మరిచిపోయినాడంట. టిక్కెట్టు కొన్న వాళ్ళు రీలు తగ్గిందని గొడవ చేస్తారని భయపడి, చివర్లో తగిలించినాడంట. వాడు తాగి వచ్చి బయటికి తోయించుకునేది ముందు, జబ్బు పడి వచ్చి శుభం పడేది తర్వాత. అంతే కథ.

మా ఊరి ఆడవాళ్ళు నమ్మితే గదా! "వాడికేం తెలుసు, మిషను తిప్పేవాడు" అన్నారు. "శుభం తర్వాత ఏం జరగతాదో మనకు తెలియదా, వాడొచ్చి చెప్పాల్నా?" అన్నారు. ఆ సినిమాకు మళ్ళీ పోదామని కూడా ఎవురూ అనలా. సరిగ్గా ఆడితే ఏం చూడాల్సి వస్తాదోనని వాళ్ళ భయం. మా ఊరికంతా ఆ సినిమా తలుపేసిన సినిమాగానే నిలిచిపోయింది.

మా ఇంట్లో మాత్రం యుద్ధం ఆగలేదు. అవి విత్తనపు కాయలు ఒలిచే రోజులు. వానలు పడే లోపల పప్పు సిద్ధంగా ఉండాల. ముగ్గురం వసారాలో శనక్కాయలు ముందరేసుకొని కూర్చుంటే చేతుల పని చేతులది, నోటి పని నోటిది.

"మే, మీ అత్తకు చెప్పు. రీలు తారుమారైంది. తలుపు వేసింది నిజమే, మళ్ళీ తీసింది గూడా నిజమే. తీసినాక శుభం. శుభం అంటే శుభమే, దాని వెనకాల కథ ఉండదు" అనింది అవ్వ.

అత్త నా వైపు తిరగలా. చేతిలో కాయ కింద పెట్టి నేరుగా వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. అంత కాలంలో నన్ను దాటి వాళ్ళమ్మతో సినిమా మాట అనింది అదే మొదలు.

"నీ కథకు ఉండదమ్మా. ఆ బిడ్డకు తెల్లారితే నిద్ర లేచే పని ఉండాది గదా" అనింది.

అవ్వ చెరగాల్సినవి లేకపోయినా చేట తీసుకొని చెరగతా కూర్చునింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ సినిమా మాట ఎత్తలేదు. నాకు భలే చికాకైపోయింది. తగువు లేని ఇల్లు అంత చప్పగా ఉంటాదని అప్పుడే తెలిసింది.

తొలకరి ఇంకా పడలా. ఒకనాడు పొద్దున బస్సులో మామ దిగినాడు.

నేనే ముందు చూసినాను. గుడ్డసంచి చంకలో పెట్టుకొని, మా దడి దగ్గర నిలబడి ఉండాడు. సినిమాలో మాదిరి గడ్డం లేదు, జబ్బు లేదు, కుంటి కాదు. మామూలు మనిషి. కొంచెం లావైనాడు గూడా. అది చూసి నాకు ఎంత కోపమొచ్చిందో! చిక్కిపోయన్నా రాలేదే అనుకున్నాను.

క్షణంలో ఊరంతా తెలిసిపోయింది. డేరాలో ఉరిశిక్షలు వేసిన ఆడవాళ్ళందరూ దడి చుట్టూ చేరినారు. నేను వాళ్ళ మీద ఆశ పెట్టుకున్నాను. ఇప్పుడు కడిగేస్తారు చూడు ఈ పెద్దమనిషిని, అనుకున్నాను. ఎదురింటామె పమిట భుజాల మీదుగా కప్పుకొని "బాగుండావా నాయనా, ఎండన పడి వచ్చినావు" అనింది! ఇంకొకామె నా చెవిలో "వచ్చినాడు గదా, ఇంకేంది, మీ అత్తను జడేసుకోమను" అని గుసగుసలాడింది. ఏ ఎండకా గొడుగంటే ఇదే గదా.

మా అవ్వ ఒక్కతే మిగిలింది. ఆమె ఏం చేస్తాదో నాకు తెలుసనుకున్నాను. అన్ని సినిమాల్లో మొగుళ్ళకు అన్నం పెట్టిన మనిషి. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వాడు కాళ్ళు కడుక్కొని, మిగిలినవి తాగినాడు. అరుగు మీద కూర్చోబోయినాడు.

"కూర్చోవద్దు" అనింది అవ్వ. "వచ్చినోడికి నీళ్ళియ్యడం మా ఇంటి మర్యాద. ఇచ్చినాను. ఇంక బస్సు ఉండాది, పో."

"అత్తా, తప్పయిపోయింది. ఆడ ఇప్పుడెవురూ లేరు. గది తీసుకున్నాను. నీ బిడ్డను తీసుకొని పోదామని వచ్చినాను" అన్నాడు వాడు.

"ఆమె పోయిందా, నువ్వు వదిలినావా?"

వాడు గుడ్డసంచి ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకున్నాడు.

"నువ్వు రావాలని నేను మొక్కని దేవుడు లేడురా" అనింది అవ్వ. "నిన్ను చూసినాక తెలిసింది. నేను మొక్కుకున్నది ఎవుడో మంచోడు రావాలని. నువ్వు రావాలని కాదు. నా బిడ్డను పంపను, పో!"

నా చేతులు చప్పట్లు కొట్టబోయి ఆగినాయి. అవ్వ ఇంత మాట అంటాదని కలలో గూడా అనుకోలేదు. అత్తకు చెబుదామని ఇంట్లోకి పరిగెత్తినాను. నువ్వు గెలిచినావు అత్తా, అవ్వ నీ పక్షం తిరిగింది అని చెప్పాల.

అత్త జడ వేసుకునేసింది. మూట కట్టి పక్కన పెట్టుకొని ఉండాది. అద్దంలో చూసుకుంటా బొట్టు దిద్దుకుంటా ఉండాది. ఆ చెయ్యి ఎంత నిదానంగా ఉండాదో ఇప్పటికీ నా కళ్ళ ముందరే ఉండాది.

"అత్తా, పోతావా?" అన్నాను.

"పోతా."

"మళ్ళీ అట్టానే చేస్తే?"

"చేస్తాడు మే. తెలిసే పోతుండా." నా వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండినాయి. "వాడు దడి దగ్గర నిలబడితే నా కాళ్ళు ఆగలా. ఇన్నాళ్ళూ బస్సు చప్పుడైనప్పుడల్లా నా కాళ్ళు ఆగలా. మీ అవ్వ చూస్తాదని పని కల్పించుకొని కూర్చున్నా. పోకపోతే, పోయుంటే ఎట్టుండేదో అని చచ్చేదాకా అనుకుంటా ఉండాల. నాకు చేతకాదు."

మూట తీసుకొని బయటికొచ్చింది. అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏందే ఇది? అంతమంది మొగుళ్ళను ఉరేసినావే డేరాలో!"

"వాళ్ళెవురూ నా మొగుళ్ళు కాదు గదమ్మా" అనింది అత్త.

దడి చుట్టూ ఉండే ఆడవాళ్ళల్లో ఎవురో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. అవ్వ అట్టానే నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది. జరిగి ఊరికే ఉండలా. "బుద్ధిలేనిదానా, సిగ్గులేనిదానా" అని తిడతానే లోపలికి పోయి గోంగూర పచ్చడి జాడీకెత్తింది, శనక్కాయల పొడి మూటగట్టింది, ఒలిచిన విత్తనపు పప్పులో ఇన్ని తీసి వేరే గుడ్డలో పోసింది. "ఆడ కొనుక్కోవాలంటే వాడి మొహాన ఏముండాదో" అని తిట్టింది. ఆ తిట్లన్నీ మూటలోకే పోయినాయి. మా నాయనకు ఉదయగిరికి కబురు పెట్టే టయిము గూడా లేకపోయింది. మధ్యాన్నం బస్సుకే వాళ్ళు పోయినారు. అత్త కిటికీలోంచి నన్ను చూసింది గానీ వాళ్ళమ్మ వైపు చూడలేదు. చూస్తే దిగిపోతానని భయమేమో.

చాన్నాళ్ళ తర్వాత నాకు తట్టింది. మా అత్త ఆ సినిమా మొగుళ్ళను అంతగా తిట్టింది వాళ్ళమ్మ కోసరం. నాకేం బెంగ లేదమ్మా, నువ్వు దిగులుపడొద్దు అని చెప్పడం అది. మా అవ్వ అంతగా వెనకేసుకొచ్చింది బిడ్డ కోసరం. నీ మనసు రాయి చేసుకోవద్దు, వాడొస్తే నేను నిన్ను తప్పు పట్టను అని చెప్పడం. ఒకరి మనసులో మాట ఇంకొకరు పలికినారు. నడుమ కూర్చున్న నేను రెండింటినీ మోసి, ఒక్కటీ అర్థం చేసుకోలేదు. సినిమా గురించి మనిషి ఏం చెప్పినా, అది సినిమా గురించి మాత్రమే కాదని ఇప్పుడు చదువుకునే పిల్లలకు చెప్తా ఉంటాను. వాళ్ళు రాసుకుంటారు. ఎదురు చెప్పరు.

ఆ రోజుల కోసరం నా ప్రాణం కొట్టుకుంటాది. దాచేదేముంది? కుడి పక్క అవ్వ మోచేయి, ఎడమ పక్క అత్త మోచేయి, రెండు పక్కలా పొడుపులు. లైట్లు వెలిగితే చాలు, "మే, చెప్పు" అనే ఆ గొంతులు. ఇప్పుడు ఇంట్లో గోడ నిండా టీవీ పెట్టుకొని ఒక్కదాన్నే చూస్తాను. మొగుడు తిరిగొచ్చే సీను వస్తే రెండు పక్కలా చూస్తాను. ఎవురూ ఉండరు.

అత్త పోయిన మొదట్లో మదరాసు నుంచి కార్డు వచ్చింది, బాగుండామని. పోయొచ్చిన వాళ్ళల్లో ఒకరు బాగుండాదన్నారు. ఇంకొకరు చిక్కిపోయిందన్నారు. ఇంకొకరు ఆ ఇంట్లో ఇప్పుడు వేరే వాళ్ళు ఉండారన్నారు. మా నాయన ఒక తూరి పోయి వెతికి వచ్చినాడు, కనబడలేదు. ఏది నిజమో మాకు తెలియలా. అవ్వ ఎవురినీ అడగడం మానేసింది.

మరుసటి ఎండాకాలం ఆత్మకూరులో డేరా వేసినారు. ఊళ్ళో బండ్లు కడతా ఉండారు. కొత్త సినిమా, మంచి కథంట. నాకు మనసాగలా. పొద్దు వాలతా ఉంటే అవ్వ దగ్గరకు పోయినాను. ఆమె వసారాలో దారి పక్కకు తిరిగి కూర్చొని ఉండాది.

"పోదాం రా అవ్వా. నేను ఎదురు చెప్తాగా. అత్త మాదిరే చెప్తా. నీతో కొట్లాడతా" అన్నాను.

అవ్వ నవ్వింది. నా తల నిమిరింది. "నువ్వు పో తల్లీ. నేను రాను" అనింది.

"ఎందుకవ్వా? నీకు సినిమా అంటే ప్రాణం గదా?"

అవ్వ దారి మీద నుంచి కళ్ళు తిప్పలేదు. మదరాసు నుంచి వచ్చేవాళ్ళు దిగే నెల్లూరు సాయంత్రం బస్సు మా ఊరికి వచ్చేది ఆ వేళకే.

"నేను ఆడ కూర్చొనుండే పూటే మీ అత్త వచ్చిందనుకో" అనింది. "తాళం వేసిన ఇంటి ముందర ఎంతసేపని నిలబడతాది మే?"

ఆ తర్వాత నేను ఆమెను సినిమాకు రమ్మని పిలవలేదు.